పేర్లకూ వరసలుంటాయి

ఇండియా నుంచి ఎవరొచ్చినా న్యూయార్క్ లిస్టులో మూడు ఖాయం: లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, 9/11 మెమోరియల్. మొదటి రెండూ ఎప్పుడైనా చూడొచ్చు. మూడోది మాత్రం వీలైతే సెప్టెంబరు 11నే చూడండి.

ఆ రోజు పొద్దున ఆ చోటు బాధిత కుటుంబాలది. 8:46కి, అంటే మొదటి విమానం ఉత్తర టవర్‌ని ఢీకొన్న నిమిషానికి, గంట మోగుతుంది. అందరూ మౌనంగా నిలబడతారు. అలా మొత్తం ఆరుసార్లు. మధ్యలో బంధువులు ఇద్దరిద్దరుగా వచ్చి చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. అన్నీ చదివేసరికి గంటలు పడుతుంది. మనలాంటివాళ్ళని లోపలికి వదిలేది మధ్యాహ్నం తర్వాతే.

నేనుండేది జెర్సీ సిటీలో. పాత్ రైలెక్కితే హడ్సన్ నది కింద నుంచి తెచ్చి సరిగ్గా అక్కడే దింపుతుంది. నిరుడు ఆఫీసయ్యాక వెళ్ళాను.

టవర్లు నిలబడ్డ చోటే రెండు కొలనులు. ఒక్కోటీ దాదాపు ఎకరం. నాలుగు వైపుల నుంచీ నీళ్ళు ముప్ఫై అడుగుల కిందికి దూకుతుంటాయి. ఆ హోరులో సిటీ చప్పుడు వినపడదు. చుట్టూ కంచు పలకలు, వాటిలో తొలిచిన 2,983 పేర్లు. 2001లో పోయినవాళ్ళు 2,977 మంది. మిగతా ఆరుగురు 1993 ఫిబ్రవరి 26న అదే చోట జరిగిన బాంబు దాడిలో పోయారు. వెతికితే మన భారతీయుల పేర్లూ కనిపిస్తాయి. కొందరు గర్భిణుల పేర్ల పక్కన 'ఆమె కడుపులోని బిడ్డ' అని కూడా రాసి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ బుద్ధి కదా, ఏ లిస్టు కనబడినా ఎలా సార్ట్ చేశారా అని చూస్తాను. ఇక్కడ అక్షరక్రమం లేదు. వయసు, హోదా అసలు రాయనే లేదు. మరి?

మీవాళ్ళ పేరు పక్కన ఎవరి పేరుండాలి అని కుటుంబాలని అడిగారట. 1,200కు పైగా కోరికలు వచ్చాయి. అన్నదమ్ములు, స్నేహితులు, పక్క సీటు కొలీగ్స్. ఒక పేరు జరిపితే ఇంకో పది కదులుతాయి. పైగా పేర్ల పొడవులు వేరు, పలకకి కొలత ఉంది. జెర్ థార్ప్ అనే ఆయన దీనికోసం ప్రోగ్రాం రాశాడు. ముందు ఎవరికి ఎవరు కావాలో చూసి గుంపులు కట్టడం, తర్వాత ఆ గుంపుల్ని పలకల్లో ఇమడ్చడం. చివరికి మనుషులు కూర్చుని చేత్తో సరిచేశారు.

తెలుగులో వరస అంటే క్యూలో వరసా అవుతుంది, చుట్టరికం వరసా అవుతుంది. ఇక్కడ మొదటిది పక్కనపెట్టి రెండోదాన్ని పట్టుకున్నారు. మనింట్లో తద్దినం పెట్టినప్పుడు కూడా ఒక్క పేరు చెప్పి వదిలెయ్యం కదా, తండ్రి, తాత, ముత్తాత అని వరస కలుపుతాం.

ఒక జంట పేర్ల కథ చెబుతాను. ఉత్తర టవర్ మెట్ల మీద ఒకతను అలసిపోయి ఆగిపోయాడు. ముక్కూమొహం తెలియని ఇంకొకతను అతన్ని వదిలి దిగలేకపోయాడు. ఇద్దరూ పోయారు. బతికుండగా వాళ్ళ పరిచయం ఆ కాసేపే. ఇప్పుడు ఆ పేర్లు ఎప్పటికీ పక్కపక్కనే.

దక్షిణ కొలను దగ్గర ఫైర్‌మెన్ పేర్లు. 343 మంది. అందరూ దిగుతుంటే ఎక్కినవాళ్ళు. ఏ బండిలో కలిసి వచ్చారో ఆ నంబరు కిందే పేర్లున్నాయి. యూనిఫాంలో ఒక పెద్దాయన కాగితం ఆనించి పెన్సిల్‌తో ఒక పేరు అచ్చు తీసుకుంటున్నాడు. కాగితం జరిగి పక్క పేరు సగం పడింది. చెరపలేదు. ఆ పేరు కూడా పూర్తి చేసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కాస్త అవతల చెట్ల మధ్య ఆరు పెద్ద రాళ్ళుంటాయి. 2019 మే 30న పెట్టారు. శిథిలాల్లో నెలల తరబడి పనిచేసి, ఆ విషపు దుమ్ము పీల్చి తర్వాత జబ్బుపడినవాళ్ళ కోసం, బతికి బయటపడి జబ్బుపడినవాళ్ళ కోసం. ఆ జబ్బులతో పోయిన ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళ సంఖ్య 2023 సెప్టెంబరులో 343కి చేరింది. ఆ ఒక్క రోజు పోయినంతమంది! ఈ రాళ్ళ మీద పేర్లు లేవు. రాద్దామన్నా ఆ లిస్టు ఇంకా పూర్తి కాలేదు.

వెళితే సెల్ఫీ తీసుకోండి, తప్పేం లేదు. కానీ ముందు ఒక పేరు మీద వేలు పెట్టి చదవండి. తర్వాత దాని పక్క పేరు కూడా చదవండి. పక్కన ఉండాలని ఎవరో అడిగి పెట్టించిన పేరేమో అది.