రెండు రేవుల నడుమ

గోదావరి మీద 1900లో వంతెన సిద్ధమయ్యేదాకా రైలు ప్రయాణికులు కొవ్వూరులో దిగి, పడవలో నదిని దాటి, ఆవలి ఒడ్డున రాజమహేంద్రవరంలో మరొక రైలు ఎక్కవలసి వచ్చేది. వంతెన వచ్చిన తరువాత ఆ తిప్పలు మరుగున పడ్డాయి. ప్రయాణం ఆకాశానికి ఎగిసిన తరువాత మాత్రం అదే అనుభవం మరొక రూపంలో తిరిగివచ్చింది. మహానగరాలకు రెండేసి విమానాశ్రయాలు ఏర్పడ్డాయి. ఒక రేవులో దిగినవారు మరొక రేవుకు పోయి ఎక్కాలి. నడుమ ఉన్నది నది కాదు, నగరం.

విజయనగరం జిల్లా భోగాపురం ప్రాంతానికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు సతీసమేతంగా అమెరికాలోని కుమార్తె వద్దకు బయలుదేరారు. ఢిల్లీలో ఎక్కిన విమానం తెల్లవారుజామున టోక్యోలోని హనెడాలో దిగింది. లాస్ ఏంజిలిస్ పోయే విమానం సాయంకాలం నరిటా నుంచి బయలుదేరుతుంది. టిక్కెట్టు ఒక్కటే, దాని మీద నగరం పేరూ ఒక్కటే. కాని నరిటా టోక్యోలో లేదు. తూర్పున పొరుగునున్న చిబా ప్రాంతంలో ఉంది. రెండింటి నడుమ రహదారి డెబ్బై కిలోమీటర్లకు పైమాటే.

విమానాశ్రయం గడప దాటకుండా విమానం మారేవారికి వీసాతో పని లేదు. రెండో విమానాశ్రయానికి పోవడమంటే దేశంలో అడుగుపెట్టడమే కనుక భారతీయులకు జపాను వీసా తప్పనిసరి. కుమార్తె ఈ సంగతిని ముందే గ్రహించి అన్నీ సిద్ధం చేయించింది. దంపతులు వేలిముద్రలు ఇచ్చి, ఫోటో దిగి, ఒక్కొక్కటి 23 కిలోల బరువున్న నాలుగు పెట్టెలను దించుకొని, కస్టమ్స్ తనిఖీ దాటి బయటికి వచ్చేసరికి సూర్యోదయమైంది. నగరం అడుగున పోయే సొరంగమార్గం గుండా నరిటాకు నేరుగా చేరే రైళ్లున్నాయి. కాని ఉదయపు రద్దీలో ఆ బరువుతో రైలెక్కడం వృద్ధులకు సాధ్యం కాదు. అందుచేత వారు బస్సునే ఆశ్రయించారు. సిబ్బంది పెట్టెలకు చీటీలు కట్టి లోపల సర్దారు. బస్సు కదలగానే వరుసగా నిలబడి శిరస్సు వంచి నమస్కరించారు. ఆమె కూర్చున్నచోటునుంచే చేతులు జోడించింది.

బస్సు సముద్రం అడుగున తవ్విన సొరంగంలో దిగి పైకి వచ్చింది. కుడివైపున టోక్యో అఖాతం, ఎడమవైపున నగరపు ఎత్తైన భవనాలు. సాంఘికశాస్త్రం బోధించినవారు కావడంచేత ఆయన ప్రయాణానికి ముందే ఈ రెండు విమానాశ్రయాల చరిత్రను చదివి ఉంచుకున్నారు.

హనెడా 1931లో ప్రారంభమైంది. 1945 సెప్టెంబరులో యుద్ధంలో ఓడిన జపానును ఆక్రమించిన సైన్యం, విమానాశ్రయాన్ని విస్తరించడానికి ఆ పరిసర నివాసులను 48 గంటలలో ఖాళీ చేయమని ఆజ్ఞాపించింది. సుమారు మూడువేలమంది చేతికందిన సామానుతో వెళ్లిపోయారు. అక్కడ అనమొరి ఇనారి అనే దేవాలయం ఉండేది. సముద్రపు కట్టకు గండ్లు పడకుండా, పొలాలను కాపాడే దేవతగా దానికి ప్రతీతి. గుడి పోయింది; ఎర్రని తోరణం మాత్రం మిగిలింది. దానిని కదిలిస్తే అరిష్టమనే నమ్మకం జనంలో ప్రబలింది. అది దశాబ్దాలపాటు విమానాశ్రయం ఆవరణలోనే ఉండి, 1999లో సమీపంలోని నదీతీరానికి చేరింది. బస్సు వేరొక దారిన పోవడంచేత ఆయనకు ఆ తోరణం కనిపించలేదు.

1960ల నాటికి హనెడా చాలని స్థితి వచ్చింది. 1966 జులైలో ప్రభుత్వం సన్రిజుకా అనే గ్రామసీమలో కొత్త విమానాశ్రయాన్ని నిర్మించాలని నిర్ణయించింది. ఆ నేలను సాగు చేస్తున్నవారిలో చాలామంది యుద్ధానంతరం వచ్చి, అడవి కొట్టి, పొలాలు చేసుకున్నవారు. తమను అడగకుండానే తమ భూమిపై నిర్ణయం జరిగిందన్నది వారి ఆవేదన. విద్యార్థులు వారితో చేరారు. 1971లో జరిగిన ఘర్షణలో ముగ్గురు పోలీసులు మరణించారు. ఉద్యమం వైపునా ప్రాణాలు పోయాయి. 1978 మార్చిలో ఆందోళనకారులు కంట్రోలు టవరులో చొరబడి యంత్రాలను ధ్వంసం చేయడంతో ప్రారంభోత్సవం మే 20కి వాయిదా పడింది. 1995లో ప్రధాని మురయామా ప్రభుత్వం పక్షాన క్షమాపణ చెప్పారు. రెండో రన్‌వే 2002లో ప్రారంభమైనప్పుడు దాని పొడవు 2,180 మీటర్లే. దక్షిణాన ఉన్న పొలాలు చేతికి రాలేదు.

ఇంతలో హనెడా సముద్రం వైపు పెరిగింది. 2010లో నాలుగో రన్‌వేను కొంత పూడికనేల మీద, కొంత నీటిలో నాటిన స్తంభాల మీద నిర్మించారు. విదేశీ విమానాలు మళ్లీ పెద్దయెత్తున అక్కడికి వచ్చాయి. అందువల్లనే నేటి ప్రయాణికుడు ఒకచోట దిగి, ఒకచోట ఎక్కుతున్నాడు.

ఈ చరిత్ర ఆయనకు పుస్తకాలలోని పాఠం మాత్రమే కాదు. భోగాపురం విమానాశ్రయానికి నేలనిచ్చిన ఊళ్లలో వారిదీ ఒకటి. ఎకరంన్నర కొబ్బరితోట, మండువా ఇల్లు వదలి వారు పునరావాస కాలనీకి తరలివచ్చారు. పత్రాలపై మొదట సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. "మన నేల ఇస్తేనే విమానాలు ఎగురుతాయి. మన పిల్లలకే మేలు" అని ఇరుగుపొరుగువారికి నచ్చజెప్పినవారూ ఆయనే. ఆనాడు ఆమె ఏమీ అనలేదు. తులసికోటను మాత్రం విప్పించి, ఇటుక ఇటుకగా కొత్త ఇంటికి తెప్పించుకున్నది. ప్రస్తుత ప్రయాణానికి పరిహారపు సొమ్ములో కొంత ఖర్చయింది.

గంటంపావులో బస్సు నరిటా చేరింది. చీటీలు చూపగానే నాలుగు పెట్టెలూ చేతికి వచ్చాయి. తప్పిపోతుందని భయపడిన విమానం కోసం సాయంకాలందాకా నిరీక్షించవలసి వచ్చింది.

విమానం రన్‌వే వైపు మెల్లగా సాగుతున్నప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఆమె ఆయన చేతిని తట్టింది. కంచెల నడుమ ఆకుపచ్చని చిన్న మడి. కూరగాయల చాళ్లు సరళరేఖలలా తీర్చి ఉన్నాయి. 2023లో కోర్టు ఉత్తర్వుపై ఒక రైతు పొలంలో కొంత భాగాన్ని స్వాధీనం చేసుకున్నారని ఆయన చదివారు. అయినా సాగు ఇంకా మిగిలే ఉంది.

"ఇదేమిటండీ, విమానాల మధ్య పొలం?"

"వాళ్లు ఇవ్వలేదు."

ఆమె కొంతసేపు ఆ మడినే చూసింది.

"ఇవ్వకపోయినా విమానాలు ఎగురుతున్నాయే!"

అందులో నిష్ఠురం లేదు, కేవలం ఆశ్చర్యం. ఆయన సమాధానం వెతికారు. ఆ మడి కోసం ఎందరు ప్రాణాలు పోగొట్టుకున్నారో చెప్పవచ్చు. రన్‌వే పొట్టిదైన సంగతి చెప్పవచ్చు. ఊరు కలిసి వెళ్లడమే మేలని చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. కాని ఆమె అడిగినది వాటి గురించి కాదు. సంతకం పెట్టేముందు తనను ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేదన్నది ఆ ఆశ్చర్యంలో ఎక్కడో ఉంది. సన్రిజుకా రైతులు అడిగిందీ మొదట అదే.

"నిన్ను అడగవలసింది" అన్నారాయన.

విమానం హోరులో ఆ మాట ఆమెకు వినిపించిందో లేదో తెలియదు. కిటికీలోంచి మడి కనుమరుగయ్యేదాకా చూసి, "ముల్లంగి అయి ఉంటుంది" అని మాత్రం అన్నది.