నాలుగు సంచులు – ఒక మూట

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికలో ఏటా చదువు గురించి, క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి మంచి మంచి వ్యాసాలు వస్తుంటాయి. మేము మాత్రం సంచి గురించి రాస్తున్నాము. చదివి నవ్వుకున్నా సరే, కాలినడకన శ్రీశైలం పోవాలనుకునే తమ్ముళ్లకు ఉపయోగపడితే అదే చాలు.

మేము నలుగురం ఒకే గదివాళ్లం. డిగ్రీ ముగించి పీజీలో చేరాం. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదలు. కొడుకు డిగ్రీ పాసైతే నడిచి కొండకు వస్తానని మా అమ్మ ఎప్పుడో మల్లన్నకు మొక్కుకుంది. 2025 ఫిబ్రవరి 26న మహాశివరాత్రి. ఆ రోజుల్లో ఆమె గుంటూరు వైపు మిరప కోతల్లో ఉంది. వారం కూలి పోయినా పర్వాలేదని మేస్త్రీకి చెప్పి బయలుదేరింది. సంగతి వినగానే గదిలోని మిగతా ముగ్గురూ "మేమూ వస్తామమ్మా" అన్నారు. ఆమె ఫోనులో ఒక్కటే చెప్పింది: "మీ నలుగురి డిగ్రీ కాగితాలు ఎత్తుకోని రాండి నాయనా, సామికి చూపియ్యాల." అట్లాగేనని ఫోను పెట్టేశాం.

ఇక మా సర్దుడు మొదలైంది. తెల్లకాగితం మీద పట్టిక రాశాం. తలా మూడు జతల బట్టలు, రెండు జీన్సు ప్యాంట్లు, దుప్పటి, రగ్గు, కొత్త బూట్లు, గొడుగు, టార్చిలైటు, పవర్ బ్యాంకు, బిస్కెట్ ప్యాకెట్లు, పులిహోర డబ్బా, సబ్బు, అద్దం, షాంపూ, ఖాళీ దొరికితే చదువుకుందామని జనరల్ స్టడీస్ పుస్తకం కూడా. లెక్క పెడితే 31 వస్తువులు తేలాయి. మెస్సులో బియ్యం తూచే కాటా మీద సంచులు పెట్టి చూస్తే ఒకటి 9 కిలోలు, ఒకటి 11, ఒకటి 12, ఒకటి 13.

ఎందుకంత సామాను అని ఎవరైనా అడగవచ్చు. ఆరో తరగతిలో మొదటిసారి హాస్టలుకు వచ్చిననాడు మా రేకు పెట్టెల్లో ఏమున్నాయో మాకు గుర్తుంది. ఒక కంచం, ఒక గ్లాసు, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి. పెట్టె ఎత్తితే లోపల గ్లాసు దొర్లిన చప్పుడు వినిపించేది. తక్కువ సామానుతో ప్రయాణం చేయడం గొప్ప గుణమని పుస్తకాల్లో చదివాం. మాకు అది గుణం కాదు, ఉన్నదే అంత. అందుకే స్కాలర్‌షిప్ డబ్బులతో కొన్న సంచి నిండుగా ఉబ్బితే చూడడానికే సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని వీపు మీద వేసుకుని బయలుదేరాం.

ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుండి నల్లమల అడవి దారి మొదలవుతుంది. నాగలూటి వీరభద్రస్వామి గుడి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరాలి. 40 కిలోమీటర్ల పైచిలుకు. ఇది పెద్దపులుల అభయారణ్యం. కాబట్టి ఏడాది పొడవునా పోనివ్వరు, శివరాత్రికి, ఉగాదికి అనుమతిస్తారు. కొండ మీదికి మెట్లు కట్టించింది 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అని చరిత్ర.

వెంకటాపురంలో మా అమ్మ మమ్మల్ని చూసి ముందు నవ్వింది. "ఏంటికిరా ఇవన్నీ? కాపురం పెట్టను పోతాండామా?" అంది. ఆమె చేతిలో తువ్వాలుతో కట్టిన చిన్న మూట. అందులో ఒక చీర, పలుచని దుప్పటి, స్టీలు చెంబు, గలగలలాడే జొన్న రొట్టెలు, చెనక్కాయల కారం, బెల్లంముక్క, కర్పూరం, కాస్త కొబ్బరినూనె, సూదీదారం. రెండు కిలోలు ఉంటుందేమో. ఏటా వలసపోయే మనిషికి ఏది బరువో, ఏది అవసరమో ఒకరు చెప్పాల్సిన పని లేదు. మేము మాత్రం ఆమె దగ్గర ఏమీ లేదు కాబట్టి ఏమీ తేలేదనుకున్నాం.

నాగలూటి దాటేసరికి కొత్త బూట్లు మడమలు కొరికాయి. మాలో ఇద్దరికి బొబ్బలు లేచాయి. రాత్రి పెద్దచెరువు దగ్గర ఆగినప్పుడు అమ్మ సూదిని మంట మీద చూపి, బొబ్బల్లో నీరు తీసి, కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టింది. ఆమె మూటలోని సూదీదారం మా 31 వస్తువుల్లో లేదు. దారిలో అక్కడక్కడా దాతలు అన్నం, మజ్జిగ, నీళ్లు ఇస్తూనే ఉన్నారు. మా పులిహోర అడుగంటి పులిసిపోయింది. పక్కనే కర్ణాటక నుండి వచ్చిన ముసలి దంపతులు చలికి ముడుచుకుని కూర్చుంటే మా రగ్గులు రెండు ఇచ్చేశాం. పుణ్యం కోసమని అనుకునేరు, బరువు దించుకోవడానికే!

కర్ణాటక వాళ్లకూ శ్రీశైలానికీ పాత బంధం. 12వ శతాబ్దంలో కల్యాణం నుండి ఈ కొండకు వచ్చిన అక్కమహాదేవి కట్టుబట్టలు సైతం వదిలేసి జుట్టునే వస్త్రంగా కప్పుకుందని చెబుతారు. ఆ రాత్రి మాకు ఆమె గుర్తుకొచ్చింది. అయినా వదిలిపెట్టాలంటే ముందు ఉండాలి కదా. మాకు ఇప్పుడిప్పుడే కలుగుతున్నాయి, ఎట్లా వదిలేది?

మరునాడు భీమునికొలను దగ్గర అసలు పరీక్ష ఎదురైంది. లోయలోకి దిగి మళ్లీ నిటారుగా మెట్లెక్కాలి. మా 13 కిలోల సంచివాడికి సగం ఎక్కగానే పిక్క పట్టేసింది, కూలబడిపోయాడు. తలా ఒక వస్తువు పంచుకుందామని మేము మాట్లాడుకుంటుండగానే మా అమ్మ తువ్వాలును చుట్ట చుట్టి తలమీద పెట్టుకుంది, సంచి దానిమీద ఎత్తుకుంది, చిన్న మూటను చంకన పెట్టుకుని ముందు నడిచింది. "వద్దమ్మా" అంటే "మిరపకాయ టిక్కీ కంటే బరువా ఇది?" అంది. దారిలో పోయేవాళ్లు ఆమెను చూసి, వెనక నడుస్తున్న మా నలుగురినీ చూశారు. కైలాసద్వారం వచ్చేదాకా మేము తల ఎత్తలేదు.

సాయంత్రానికి శ్రీశైలం చేరాం. స్నానాలు చేశాం. వరుసలో నిలబడబోతూ అమ్మ చెయ్యి చాచింది, "కాగితాలేవిరా?" అని.

నలుగురం మొహమొహాలు చూసుకున్నాం. గదిలో పెట్టెలో ఉన్నాయి. పట్టిక రాసిన కాగితంలో 31 వస్తువులు రాశాం, అది మాత్రం రాయలేదు. ఆమె మా సంచుల వంక చూసింది. "అద్దం కూడా ఎత్తుకొస్తిరే, ఆ కాగితాలే బరువైనాయా?" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది.

గంటలకొద్దీ నిలబడితే రెప్పపాటు దర్శనం. ఆ రెప్పపాటులో ఆమె దండం పెట్టుకోలేదు. రెండు చేతులా మా నలుగురినీ దేవుని ముందుకు నెట్టింది. అంతలో పక్కకు పొమ్మన్నారు. బయటికొచ్చాక "మల్లా వస్తాంలే" అని మూట సర్దుకుంది. పండగ మరునాడే మిరప కోతలకు బస్సెక్కింది.

తమ్ముళ్లూ, మేము నేర్చుకున్నది ఇది. ఎక్కువ దూరం నడిచేటప్పుడు సంచి మన శరీర బరువులో పదో వంతు దాటకూడదని నడక అలవాటున్నవాళ్లు చెబుతారు. 55 కిలోల మనిషికి అయిదున్నర కిలోలు, నీళ్లతో కలిపి. ఒంటిమీద ఒక జత, సంచిలో ఒక జత చాలు. జీన్సు వద్దు, తడిస్తే ఆరదు. కొత్త చెప్పులు, బూట్లు వద్దు, నెలరోజులు తొడిగినవే వేసుకోండి. బరువైనవి వీపుకు దగ్గరగా సర్దండి. లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగితే నీరసం రాదు. చెంచా మాత్రం టీ చెంచా, తలగొట్టి కొలవండి. టార్చి ఇద్దరికి ఒకటి సరిపోతుంది. సూదీదారం మరవకండి. ప్లాస్టిక్ అడవిలో పారేయకండి, అది చెంచుల ఇల్లు.

అన్నిటికంటే ముందు, మీతో నడిచేవాళ్లు ఏమి తెమ్మన్నారో అది సంచిలో పెట్టుకుని, తర్వాతే మిగతావి సర్దండి.

వచ్చే శివరాత్రికి మేము నలుగురం మళ్లీ పోతున్నాం. అమ్మకు అప్పుడే చెప్పేశాం. పట్టిక గోడకు అంటించాం. ఈసారి 9 వస్తువులే. మొదటి వరుసలో ఉన్నవి డిగ్రీ కాగితాలు. నాలుగూ కలిపి కాటా మీద పెట్టి చూశాం, ముల్లు కదల్లేదు.