ఎల్సీ అనే ఇల్లు

అమ్మాయి పురిటికని సిడ్నీ వచ్చి ఐదు నెలలయింది. వాళ్ళుండేది గ్లీబ్‌లో, నగరానికి ఆనుకునే ఉన్న పాత పేట. గోడకు గోడ కలిసి బారుగా నిలబడ్డ పాతకాలపు మేడలు, ఇరుకు సందులు, మెయిన్ రోడ్డు మీద కాఫీ హోటళ్ళు, పుస్తకాల షాపు. పొద్దున్నే మనవరాలిని స్ట్రాలర్‌లో వేసుకుని తిప్పడం నా పని.

గ్లీబ్ అంటే ఏమిటని అల్లుణ్ణి అడిగితే తెలియదన్నాడు. నిఘంటువు తీస్తే, చర్చి మాన్యం! తెనాలి పక్కన మా ఊళ్ళోనూ దేవుడి మాన్యం ఉండేది. ఇక్కడ 1790లో గవర్నర్ ఫిలిప్ రిచర్డ్ జాన్సన్ అనే మతాధికారికి 400 ఎకరాలు రాసిచ్చాడు. అప్పటికి వేల ఏళ్ళుగా ఆ నేల మీద బతుకుతున్న గాడిగల్ ప్రజల్ని అడిగినవాళ్ళు లేరు. తర్వాత అందులో కొంత అమ్మేసినా, మిగిలినదాని మీద లేచిన ఇళ్ళు వందలకొద్దీ చర్చి చేతిలోనే ఉండిపోయాయి. అద్దెకుండేది శ్రామిక కుటుంబాలు. కొన్ని ఇళ్ళు ఖాళీగా పాడుపడ్డాయి.

వెస్ట్‌మోర్‌లాండ్ వీధిలో అలాంటి ఖాళీ ఇళ్ళు రెండు పక్కపక్కనే ఉండేవి. 1974 మార్చి 16న ఆన్ సమ్మర్స్, జెన్నిఫర్ డేకర్స్, బెస్సీ గత్రీ, మరికొందరు స్త్రీలు వాటిలోకి చొరబడి తాళాలు మార్చేశారు. కొట్టే మొగుళ్ళ నుంచి పారిపోయి వచ్చే ఆడవాళ్ళకి, పిల్లలకి అది ఇల్లని ప్రకటించారు. మన వైపు ఇళ్ళకి పేర్లున్నట్టే అందులో ఒక ఇంటి పేరు ఎల్సీ. ఆస్ట్రేలియాలో స్త్రీవాదులు నడిపిన మొట్టమొదటి ఆశ్రయానికి ఆ పేరే నిలిచింది. మొదట్లో ప్రభుత్వ సాయం లేదు. ఖర్చుల కోసం గంజాయి కూడా అమ్మానని సమ్మర్స్ తర్వాత తానే చెప్పింది. 1975లో ప్రభుత్వ నిధులొచ్చాయి.

వీళ్ళలో నా మనసు పట్టుకున్నది బెస్సీ గత్రీ. అప్పటికామెకు డెబ్భైకి దగ్గర. 1939లో వైకింగ్ ప్రెస్ పెట్టి స్త్రీల కవిత్వం కూడా అచ్చువేసిన మనిషి. గ్లీబ్‌లోనే ప్రభుత్వం నడిపే బాలికల నిర్బంధ గృహం ఒకటుండేది. 'నైతిక ప్రమాదంలో ఉన్నారు' అన్న నేరం మోపి ఆడపిల్లల్ని తెచ్చి, బలవంతంగా కన్యత్వ పరీక్షలు చేసేవాళ్ళు. అలాంటి చోట్ల నుంచి పారిపోయిన పిల్లలు బెస్సీ తలుపు తట్టేవాళ్ళు. ఆవిడ తీసేది. సంఘం లేదు, కరపత్రం లేదు, ఎన్నో ఏళ్ళు ఒక్కతే.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1984లో గుంటూరులో నేను కొత్తగా చేరిన లెక్చరర్ని. ఒకే గది పోర్షన్. ఒక రాత్రి పదకొండింటికి అక్క వచ్చింది. చంకలో మూడేళ్ళ పిల్లాడు, కాళ్ళకు చెప్పుల్లేవు, పెదవి చిట్లింది. అన్నం పెట్టాను, చాప వేశాను. తెల్లారి ఇంటావిడ "మీ అక్కగారు ఎన్నాళ్ళుంటారమ్మా?" అని అడిగింది. అంతే, అంతకన్నా ఒక్క మాట అనలేదావిడ. నేనే రిక్షా పిలిచి, బస్టాండుకు తీసుకెళ్ళి, అక్కని బాపట్ల బస్సెక్కించాను. "పిల్లాడి కోసం సర్దుకో అక్కా" అన్నాను. 498ఎ వచ్చి అప్పటికి ఏడాది. ఆ సంగతి నాకు తెలుసు. స్త్రీల కథల్లో 'గృహం' మీద ఎం.ఫిల్. సమర్పించింది కూడా ఆ ఏడాదే. మంచి మార్కులొచ్చాయి.

ఆడవాళ్ళకి వెళ్ళే చోటు లేదు అని ఎన్ని సభల్లో చెప్పానో! ఒక చోటు ఉండేది. అది నా గది.

ఎల్సీ ఇప్పుడు ఈ వీధిలో లేదు, ఎప్పుడో వేరే చోటికి మారింది. 2014లో రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రయాల నిర్వహణను సంస్కరించినప్పుడు సెయింట్ విన్సెంట్ డి పాల్ అనే కాథలిక్ సేవాసంస్థ చేతికి వెళ్ళింది. ఒక చర్చి ఇంటి తాళం పగలగొట్టి మొదలైంది మరో చర్చి నీడకు చేరిందే అని నాకు చివుక్కుమంది. తలుపు మూతపడలేదుగా, అంటుంది మా అమ్మాయి. 2024లో యాభై ఏళ్ళు నిండాయి.

మిగతా గ్లీబ్ కథ ఎప్పుడూ ఉండే కథే. చర్చి ఇళ్ళని 1974లోనే విట్లం ప్రభుత్వం కొనింది, 1985లో అవి రాష్ట్ర గృహనిర్మాణ శాఖకు వెళ్ళాయి. ఇప్పటికీ వాటిలో పేదవాళ్ళున్నారు. అవతలి గోడ పంచుకున్న ఇల్లు లక్షల డాలర్లు పలుకుతుంది. మా పిల్లల అద్దె రూపాయల్లోకి మార్చి చూసుకుని, ఆ పని మానేశాను.

నిన్న వెస్ట్‌మోర్‌లాండ్ వీధిలో నిలబడి అక్కకి వీడియో కాల్ చేశాను. బావ పోయి తొమ్మిదేళ్ళు. ఆ బస్టాండు సంగతి ఇన్నేళ్ళలో మేమెప్పుడూ ఎత్తుకోలేదు.

"అక్కా, ఇక్కడ ఒక ఇల్లుండేది..." అన్నాను.

"ఇళ్ళు తర్వాత చూపిద్దువుగాని, పసిదాని మొహాన ఎండ పడుతోంది, చూడవే ముందు" అంది.

స్ట్రాలర్‌ని నీడలోకి తోశాను. "అక్కా, గుంటూరులో ఆ రోజు..." అని మళ్ళీ మొదలుపెట్టాను.

అక్క మాట్లాడలేదు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.