ఈ పూట కూరకి ఎంతయింది?

ఇలా అడిగితే మీరేం చెబుతారండీ? వంకాయలు ఇంత, ఉల్లిపాయలు ఇంత, కరివేపాకు కొసరు వేశాడు, మొత్తం ఇంతయింది అంటారు. నిజమే. కానీ మా చిలకలపూడిలో ఆ లెక్క అక్కడితో ఆగదు. ఎందుకో చెబుతా వినండి.

చిలకలపూడి అనగానే ముందు పాండురంగడి గుడి, ఆ వెంటనే గిల్టు నగలు గుర్తొస్తాయి కదా. ఆ గొలుసులు, గాజులు, దుద్దులు అన్నీ కార్ఖానాల్లోనే తయారవుతాయనుకోకండి. రాళ్లు అతికించడం, లింకులు కలపడం, కొక్కేలు తగిలించడం లాంటి పనులు ఇళ్లలోనే జరుగుతాయి. చేసేది చాలావరకు ఆడవాళ్లే. ఎన్ని చేస్తే అంత కూలి. అందుకని ఇక్కడి ఇల్లాలు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్న ముప్పావుగంటకి ఖరీదుంది. ఆ సేపట్లో ఎన్ని జతల దుద్దులకి రాళ్లు పడేవో ఆవిడకి తెలుసు. చాలా ఇళ్లల్లో ఇల్లాలి పొద్దు ఎవరి లెక్కలోకీ రాదు. ఇక్కడ రాక తప్పదు. వంటింటి ఖర్చు గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన ఊరు నాకు తోచలేదు.

చేపల సంగతే చూడండి. గిలకలదిండి నుంచి వచ్చే చేపల్లో చిన్నవి చవక. కానీ ఇంటికి తెచ్చాకే కదా అసలు పని! తలలు గిల్లి, పేగులు తీసి, రాళ్ల ఉప్పు వేసి తోమి, నాలుగు నీళ్లు పోసి కడగాలి. అదే పెద్ద చేపయితే బజార్లోనే కాస్త డబ్బిస్తే శుభ్రంగా తోమి ముక్కలు కోసి ఇస్తారు. చేతినిండా పని ఉన్న రోజున ఆ కాస్త డబ్బు దండగ అనుకోకండి. పని లేని రోజున మాత్రం చిన్న చేపల్ని వదలొద్దు. ముల్లుతో సహా నమిలి తినే చేపలో ఉండే కాల్షియం పెద్ద చేప ముక్కలో రాదు. ఏ చేపయినా సరే, పులుసు పెడితే రెండు పూటలకీ సరిపడా పెట్టండి. చింతపండు పులుసు ముక్కకి పట్టి, రాత్రి వండింది పొద్దునకి ఇంకా బాగుంటుందని మన వైపు వాళ్లకి వేరే చెప్పాలా? ఒక్కసారి పొయ్యి వెలిగిస్తే రెండు పూటలు గడుస్తాయి.

ఇక ఏది ఎప్పుడు కొనాలన్న సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మన తీరంలో మరపడవల వేటకి 61 రోజులు సెలవు. ఆ రోజుల్లో సముద్రపు చేప కావాలంటే చేతి చమురు వదులుతుంది. వేసవి రాకముందే ఎండు మెత్తళ్లు, రొయ్యపొట్టు కొని డబ్బాల్లో పోసుకున్న ఇంటికి ఆ బెంగ లేదు. వంకాయలో గుప్పెడు రొయ్యపొట్టు వేస్తే అదే కూర, అదే నీచు. కార్తీకంలో కథ తిరగబడుతుంది. పాండురంగడి ఉత్సవాలు, మంగినపూడి సముద్ర స్నానాలు, ఊరంతా జనం, సగం ఇళ్లల్లో నీచు బంద్. కూరగాయలకి ఒక్కసారిగా గిరాకీ. ఆ నెలకి కందిపొడి, పప్పు, పచ్చళ్లు ముందే చూసుకోవాలి.

మినుముల కాలం కూడా మరిచిపోకండి. వరి కోతకి ముందే చేలో చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటికొస్తుంది. దివిసీమ నుంచి గుడివాడ దాకా ఎవరో ఒక రైతు మీకు తెలిసే ఉంటాడు. అప్పుడే ఏడాదికి సరిపడా తెచ్చుకుని, రెండెండలు బాగా ఎండబెట్టి, వేపాకు వేసి దాచుకుంటే అట్లకీ ఇడ్లీకీ వెతుక్కోనక్కర్లేదు. పొట్టు పప్పు కడగడానికి చాలా సేపు పడుతుందంటారా? మొత్తం పొట్టు తీయాలని ఎవరన్నారు? సగం పొట్టుతో రుబ్బితే అట్టు కాస్త నల్లగా వస్తుంది, రుచికేం లోటుండదు.

ఇప్పుడు మంట దగ్గరికి వద్దాం. సరుగుడు పుల్లలు, తాటిమట్టలు, పిడకలతో కళ్లు మండించుకున్న అమ్మలు మనకి తెలుసు. 1999లో దీపం పథకం వచ్చాకే చాలా పేద ఇళ్లకి గ్యాసు వచ్చింది. కానీ సిలిండరులో ఉండేది 14.2 కిలోలే. అది ఎన్నాళ్లు వస్తుందన్నది మనం మూత పెడతామా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎసరు మరిగాక మంట ఎంత పెద్దది చేసినా నీళ్ల వేడి నూరు డిగ్రీలు దాటదండీ. ఎక్కువ కాల్చిన గ్యాసంతా నీళ్లని ఆవిరి చేయడానికే పోతుంది. కాబట్టి మరగగానే మంట తగ్గించేయండి. కందిపప్పు అరగంట ముందు నానేస్తే త్వరగా మెత్తబడుతుంది. అన్నం అత్తెసరు పెట్టి, నీళ్లు ఇంకీ ఇంకకముందే పొయ్యి ఆపేసి మూత తీయకుండా వదిలేయండి. అదే ఉమ్మగిలి పువ్వులా విడుతుంది. గంజితో పాటు విటమిన్లు పారబోసే బాధా లేదు. ప్రపంచ యుద్ధాల కాలంలో ఇంగ్లండు ఇల్లాళ్లు ఇంధనానికి కటకటలాడి, ఉడుకుతున్న గిన్నెని ఎండుగడ్డి కుక్కిన పెట్టెలో పెట్టి గంటల తరబడి అలాగే వదిలేవారు. గడ్డివాముల దేశంలో పుట్టిన మనకి ఆ కిటుకు వింతేమీ కాదు. పాత దుప్పటి చుట్టిన కుక్కరు కూడా ఆ పని చేస్తుంది. కాకపోతే స్టవ్ మీంచి దించాకే చుట్టాలి, మరువకండి.

కర్రీ పాయింట్ల మాటకొస్తే నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. ఇంట్లో అన్నం వండుకుని కూర ప్యాకెట్టు తెచ్చుకునే ఇల్లాలిని బద్ధకస్తురాలనడం అన్యాయం. సంక్రాంతి ముందు, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్డర్లు మీద పడితే రాత్రి పది దాకా రాళ్లు అతికించే మనిషి మళ్లీ కూర్చుని గుత్తి వంకాయ చేయాలా? నా పద్ధతి చెబుతాను. పప్పు, చారు, మజ్జిగ పులుసు ఎప్పుడూ ఇంట్లోవే. వాటికి చెయ్యి ఎక్కువ పట్టదు, ఖర్చూ తక్కువే. నూనె, పొద్దు రెండూ తినేసే వేపుళ్లు, మసాలా కూరలు మాత్రం అవసరమైన రోజున కొనండి. అది కూడా ఇంటిల్లిపాదికీ ఒక్కటి చాలు. ఒంటరిగా ఉండే కూలి మనిషికి లెక్క వేరు. 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లో పూటకి అయిదు రూపాయలే. ఒక్క మనిషికి వండుకుంటే గ్యాసుకీ నూనెకీ అంతకంటే ఎక్కువే అవుతుంది.

చివరికి ఒక్క లెక్క చెప్పనివ్వండి. ఇంటి పనికి ఎవరెంతసేపు వెచ్చిస్తున్నారని కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతా అడిగింది. ఆ పని చేసే ఆడవాళ్లకి రోజుకి సగటున 299 నిమిషాలు పట్టింది, చేసే మగవాళ్లకి 97. 2024లో మళ్లీ అడిగితే 289, 88. చూశారా, ఆడవాళ్లకి తగ్గిన ఆ పది నిమిషాల్ని మగవాళ్లేమీ అందుకోలేదు. వాళ్లకీ తొమ్మిది తగ్గాయి. మా వీధుల్లో గిల్టు పనిలో చెయ్యి సాయం చేసే మగవాళ్లు ఉన్నారు. వంటింట్లోకి వచ్చేవాళ్లు తక్కువ. అన్నయ్యగారూ, మీరు గరిటె పట్టకపోయినా ఫరవాలేదు, బజారు మీదే కదా! రేపటి నుంచి మీరు తెచ్చిన కూర మీరే వలిచి, తరిగి ఇవ్వండి. నాలుగు కట్టల గోంగూర కొనాలా, రెండు సొరకాయ ముక్కలు కొనాలా అన్నది బజార్లో నిలబడే తేల్చుకుంటారు.