బోర్డు మీద కోడు, భూమి మీద హక్కు

గత సంవత్సరం పత్తి తీతలు ముగుస్తున్న రోజులలో మా ఆపా ఫోన్ చేసి, “తమ్ముడూ, అబ్బాయి స్థలం చూశాడు. డబ్బు కట్టే ముందు నీవొకసారి వచ్చి చూసిపో” అన్నది. అబ్బాయి ఉన్నది సౌదీలోని దమ్మామ్‌లో. అక్కడ ఏసీ మెకానిక్. అంత దూరాన ఉండి యడ్లపాడు దగ్గరి స్థలాన్ని ఎలా చూశాడో నాకు అర్థం కాలేదు.

సంగతి ఇది. పొరుగింటి కుర్రవాడు గుంటూరు నుంచి వస్తూ జాతీయ రహదారి పక్కన ఒక వెంచర్ బోర్డును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. బోర్డు మూలన క్యూఆర్ కోడు ఉన్నది. ఫోటోలోని కోడును కూడా ఫోను చదవగలదు కదా. మేనల్లుడు తన గదిలో కూర్చుని దానిని తెరిచాడు. డ్రోన్ వీడియో వచ్చింది. పెద్ద ఆర్చి, నలభై అడుగుల రోడ్లు, ఖర్జూరపు చెట్లు, రాజధాని అమరావతికి ఎంత దూరమో చూపే పటం, దగ్గరలోనే మసీదు అన్న మాట. వీడియో చివర టోకెన్ కట్టమని ఒక మీట. అతడు ఇరవై వేలు అప్పుడే కట్టేశాడు. మిగిలిన తొమ్మిది లక్షలు ఆపా పేర బ్యాంకులో ఉన్నవి. బావగారు పోయిన తరువాత ఆరేళ్లపాటు అతడు ఓవర్‌టైము చేసి పంపినవి అవి. ఆపా ఇప్పటికీ అద్దె ఇంటిలోనే ఉన్నది.

ఆ గళ్ల చతురస్రాన్ని 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారా బృందం తయారు చేసింది. కార్ల విడిభాగాల లెక్క తప్పిపోకుండా చూసుకునేందుకు కనిపెట్టినది అది. మూడు మూలల్లోని పెద్ద గళ్లు దిక్కును గుర్తించడానికి; మిగిలిన చుక్కలలో సమాచారం ఉంటుంది. కొంత చెరిగినా చదవగలిగేలా కూర్చవచ్చు, అత్యధికంగా దాదాపు 30 శాతం వరకు. ఇది సాధనం మాత్రమే. లోపల ఏమి పెట్టాలన్నది పెట్టినవాని ఇష్టం. అయితే టీ బంకులోనూ కిరాణా కొట్టులోనూ రోజూ దానినే చూపి డబ్బు కడుతున్నాము కనుక, దాని మీద మనకు తెలియకుండానే ఒక నమ్మకం కుదిరింది. కోడు ఉన్నదంటే వెనుక ఎవరో అధికారి ముద్ర ఉన్నట్లే అనిపిస్తుంది. మేనల్లుడు నాతో అన్న మాట కూడా అదే: “కోడు ఉంది మామూ, మోసమైతే కోడు పెడతారా?”

మరుసటి ఆదివారం ఆపాను తీసుకుని అక్కడికి వెళ్లాను. ఒక్క మాట చెప్పుకోవాలి. అడుగు వెడల్పున్న కోడును సుమారు పది అడుగుల లోపు నిలబడితేనే ఫోను చదువుతుంది. వేగంగా పోయే కారులోనివారికి అది అందదు. ఆటో కోసం నిలబడినవారికీ, వారు ఫోటో పంపితే దేశం దాటి ఉన్న పిల్లలకూ మాత్రమే అందుతుంది. బోర్డు పెట్టినవారికి ఈ లెక్క తెలియదని నేననుకోను.

బోర్డు వెనుక నల్లరేగడి చేలో పత్తి కట్టె ఇంకా నిలిచే ఉన్నది. ఆర్చి లేదు, రోడ్డు లేదు. నాలుగు రాళ్లు పాతి, ఎర్ర గుడ్డలు కట్టారు.

మా అబ్బా గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమాస్తాగా జీవితమంతా పనిచేశారు. టిక్కీ పైభాగాన మెరిసే కాయలను ఎన్నడూ నమ్మేవారు కాదు. మోచేతి వరకు లోపలికి చేయి పెట్టి మచ్చు తీసేవారు. అడుగున తాలు కాయలున్నాయా, తూకం కోసం నీళ్లు చల్లారా అన్నది ఆ చేతికే తెలిసేది. దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి లోనికి చేయి పెట్టి, తడి తగలగా, ఆ తడిసిన గింజలను జనం చూసేలా పైనే ఎందుకు ఉంచలేదని అమ్మేవానిని నిలదీసిన సంఘటనను అబ్బా యార్డు కబుర్ల మధ్యనే మాకు చెప్పారు. నాకు ఆ హదీసు తలచుకుంటే ఇప్పటికీ మిరప ఘాటు గుర్తుకు వస్తుంది.

ఈ రాశిలోకి చేయి పెట్టాలంటే అమ్మేవాని కోడును వదిలి, మన వేళ్లతో మనమే వెతకాలి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 600 గజాలకు, మించిన లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ప్రకటనలో నమోదు సంఖ్య, రెరా వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా కనిపించాలి. విక్రయ ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. మా బోర్డు మీద సంఖ్య ఒకటి ఉన్నది, కళ్లద్దాలు తీసి దగ్గరగా చూస్తే కనిపించేంత చిన్నదిగా. దానిని రెరా వెబ్‌సైటులో స్వయంగా టైపు చేశాను. వచ్చిన వివరాలు ఆ వెంచరువి కావు. వేరే మండలంలో అదే అమ్మకందారు వేసిన పాత లేఅవుట్‌వి.

సర్వే నంబర్లు బోర్డు మీద లేవు. ఏజెంటును మూడుసార్లు అడిగితే బ్రోచర్ వెనుక పేజీ పంపాడు. మీ భూమి వెబ్‌సైటులో అడంగల్, 1-బి చూశాను. తరువాత రిజిస్ట్రేషన్ శాఖ వారి నిషేధిత ఆస్తుల జాబితా తెరిచాను. 2007లో మన రాష్ట్రం రిజిస్ట్రేషన్ చట్టంలో చేర్చిన 22-ఎ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు ఆ జాబితాలోకి వస్తాయి. వాటి అమ్మకపు దస్తావేజును సబ్ రిజిస్ట్రారు నమోదు చేయరు. నాలుగు సర్వే నంబర్లలో ఒకటి అందులో కనిపించింది. ఎదురుగా వక్ఫ్ అని ఉన్నది.

మళ్లీ వెళ్లి చేలో పనిచేస్తున్న కౌలురైతును అడిగాను. ఆయన ముస్లిం కాదు. “అది దర్గా మాన్యమండీ, మా తాతల నాటి నుంచి ఉర్సు ఖర్చు దీని కౌలులోంచే వెళ్లేది” అన్నాడు. వెంట వచ్చిన ఆపా ముఖం చూడలేకపోయాను. ఇంటికి చేరేదాకా ఏమీ మాట్లాడలేదు. రాత్రి మాత్రం, “దర్గా మాన్యంలో పొయ్యి వెలిగించబోయాను కదరా” అన్నది. డబ్బు పోయేదన్న భయం ఆ గొంతులో నాకు వినిపించలేదు.

మహారాష్ట్ర రెరా 2023 ఆగస్టు 1 నుంచి ప్రతి ప్రకటనలోనూ క్యూఆర్ కోడు ఉండాలని నిర్బంధించింది. ఆ కోడును ఇచ్చేది రెరాయే. తెరిస్తే ఆ ప్రాజెక్టు నమోదు పత్రమే వస్తుంది. అమ్మకందారు తనకు నచ్చిన వీడియో అక్కడ పెట్టలేడు. చూడటానికి రెండు కోడులూ ఒకటే. ఏది ఎక్కడికి తీసుకుపోతుందో తెరిచినప్పుడు పైన కనిపించే వెబ్ చిరునామా చెబుతుంది. ఆ ఒక్క వరుసను చదవడం మేనల్లునికి ఫోనులోనే నేర్పాను. ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామా చివర ఉండే అక్షరాలను రాసి పెట్టుకున్నాడు.

టోకెన్ వెనక్కు ఇమ్మంటే ఏజెంటు మొదట వేరే ప్లాటుకు మార్చుకోమన్నాడు. నిషేధిత జాబితా పేజీని అచ్చు తీసి చూపిన తరువాత పది వేలు ఇచ్చాడు. మిగిలిన పది వేలకు వచ్చే వారం అంటూ నాలుగు నెలలు గడిచాయి. మేనల్లుడు ఆ మధ్య మార్టూరు వైపు మరొక బోర్డు ఫోటో పంపాడు. ఈసారి కోడును తెరవలేదట. “నంబరు చూసి చెప్పండి మామూ” అని రాశాడు. ఫోటోలో ఆ అక్షరాలు మసకగా ఉన్నవి. శుక్రవారం జుమా తరువాత ఆపా, నేను వెళ్లి చూసి రావాలనుకుంటున్నాము.