డెబ్బై దాటాక దొరికిన గొంతు

బాబ్ డిలన్ అభిమానులు ఇద్దరు ఒకచోట చేరితే మాట పాత పాటల దగ్గర ఎక్కువసేపు నిలవదు. 1965, 66 నాటి ఆల్బమ్‌ల గురించి తగువు పడటానికి ఏముంది? పేచీ అంతా 1997 నుంచి వచ్చినవాటితోనే. మలిదశలో గొప్పది ‘టైమ్ అవుట్ ఆఫ్ మైండా’, ‘లవ్ అండ్ థెఫ్టా’? మొదటిదానికి నిర్మాత డేనియల్ లాన్వా చేసిన ధ్వని హంగు పాటకు బలమా, అడ్డా? 2023లో ఆ హంగు తగ్గించి మళ్ళీ మిక్స్ చేసిన రూపం కూడా వచ్చింది. తగువు తీరలేదు సరికదా, ఇరుపక్షాలకీ కొత్త సాక్ష్యం దొరికింది. ‘మోడర్న్ టైమ్స్’లో పంతొమ్మిదో శతాబ్దపు కవి హెన్రీ టిమ్రాడ్ మాటలు కనిపించాయని ఇంకో పంచాయితీ.

నన్ను అడిగితే ‘లవ్ అండ్ థెఫ్ట్’కే ఓటు. కానీ నేను గట్టిగా పట్టుబట్టేది వేరే చోట. 2015లో ‘షాడోస్ ఇన్ ద నైట్’, 2016లో ‘ఫాలెన్ ఏంజెల్స్’, 2017లో ‘ట్రిప్లికేట్’ వచ్చాయి. అన్నీ కలిపి 52 పాటలు. అందులో ఒక్కటి కూడా డిలన్ రాసింది కాదు. దాదాపు అన్నీ ఒకప్పుడు ఫ్రాంక్ సినాత్రా పాడినవే. సరిగ్గా ఆ మధ్యలోనే, 2016లో, డిలన్‌కు సాహిత్యంలో నోబెల్ వచ్చింది. మాటలకు ప్రపంచం పట్టం కడుతున్న వేళ ఆయన పరాయివాళ్ళ మాటలు పాడుతూ కూర్చున్నాడు. అభిమానులకు కోపం రావడం సహజమే. రాయడానికి ఏమీ మిగల్లేదన్నారు కొందరు. ఈ గొంతుతో సినాత్రా పాటలేమిటన్నారు ఇంకొందరు.

గొంతు సంగతి కాదనలేం. 1988 జూన్ నుంచి ఏటా ఊరూరా తిరిగి కచేరీలు చేస్తూ వచ్చిన మనిషి. 2012 నాటి ‘టెంపెస్ట్’ వినండి. గొంతంతా గరగర. మాట కొసకు వచ్చేసరికి స్వరం నిలవదు, అందుకని ప్రతి పాదాన్నీ కొరికి వదిలేస్తాడు. కోపం పలికే పాటలకు అది బ్రహ్మాండంగా కుదిరింది. తక్కినవాటిలో వినేవాడికే ఆయాసం వస్తుంది.

మూడేళ్ళ తర్వాత ‘షాడోస్’ మొదటి పాటలో అదే మనిషి. వెనక పెద్ద వాద్యబృందం లేదు, ఐదుగురే. ఒకప్పుడు సినాత్రా రికార్డు చేసిన హాలీవుడ్ క్యాపిటల్ స్టూడియోలోనే, అందరూ ఒక గదిలో చేరి, ఒక్కసారిగా వాయించారు. వయొలిన్ల వరుస ఉండాల్సిన చోట పెడల్ స్టీల్ గిటారు సన్నగా సాగుతుంది. దాని పక్కన డిలన్ అరవడు, కొరకడు. ఊపిరి చాలినంత మేరే స్వరాన్ని పట్టుకుంటాడు, చాలనిచోట మెల్లగా వదిలేస్తాడు. జీర అలాగే ఉంది, కానీ ఇప్పుడు దాని మీద అదుపు ఉంది. మన సభల్లో పెద్ద విద్వాంసులు చివరి రోజుల్లో శ్రుతి తగ్గించుకుని, తారస్థాయి మానుకుని, ఉన్న రెండు మెట్లలోనే రాగమంతా చూపించినట్టు ఉంటుంది అది.

అలాగని మూడూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ‘ట్రిప్లికేట్’ 30 పాటలు, అందులో సగం లేకపోయినా నష్టం లేదు. కానీ ఆ సాధన ఎక్కడికి తీసుకెళ్ళిందో 2020 మార్చిలో తెలిసింది. కెనెడీ హత్య మీద దాదాపు 17 నిమిషాల ‘మర్డర్ మోస్ట్ ఫౌల్’ వచ్చింది. తాళం పట్టు లేకుండా పియానో వెంట నెమ్మదిగా నడిచే పాట. ‘టెంపెస్ట్’ నాటి గొంతు అంతసేపు దాన్ని మోయగలిగేది కాదని నా గట్టి నమ్మకం. జూన్‌లో ఆ పాట ఉన్న ఆల్బమ్ ‘రఫ్ అండ్ రౌడీ వేస్’ మొత్తంగా విడుదలయ్యేసరికి ఆయనకు 79 ఏళ్ళు. అందులో ‘కీ వెస్ట్’ తొమ్మిది నిమిషాలు దాటుతుంది. అకార్డియన్ మీద ఒక్కో మాటనీ తొందర లేకుండా దించుతాడు, పాదం చివర గొంతు తెగదు. 52 పరాయి పాటల మీద చేసిన సాధనే అది.

డిలన్ విషయంలో ముందే తీర్పు చెప్పినవాళ్ళకు పాత అనుభవం ఒకటి ఉంది. 1970లో ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’ వచ్చినప్పుడు, అందులోనూ చాలావరకు ఇతరుల పాటలే, రోలింగ్ స్టోన్ పత్రికలో గ్రీల్ మార్కస్ తిట్టిపోశాడు. 2013లో ఆ రోజుల రికార్డింగులు మళ్ళీ వెలికితీసి విడుదల చేస్తే, దానికి పరిచయ వ్యాసం రాసింది ఆ మార్కసే. నలభై మూడేళ్ళు పట్టింది.

ఈ మూడు ఆల్బమ్‌లకు అంతకాలం పట్టనవసరం లేదు. పాత డిలనే చాలనుకునేవాళ్ళను నేను కోరేది చిన్న పని. ఒక సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘షాడోస్’ మొదటి పాట, ఆ వెంటనే ‘కీ వెస్ట్’ వినండి. మధ్యలో ఇంకేమీ పెట్టకండి. అప్పటికీ గొంతు పోయిందనే అనిపిస్తే రండి, వాదించుకుందాం.