కలమల్లలో సగం ఆట

ఎర్రగుంట్ల స్టేషన్‌లో దిగి బయటికి రాగానే కంటికి ఆనేది రాయి. మా కాకినాడ వైపు దొడ్డి చుట్టూ తడికో, మందార కంచో ఉంటుంది. ఇక్కడ మనిషెత్తు నాపరాయి పలకల్ని వరసగా నిలబెట్టేస్తారు, అదే ప్రహరీ. గడపకు రాయి, అరుగుకు రాయి, పశువుల కొట్టానికీ రాయే. మా ఇంట్లో వంటగట్టు మీద పరిచిన నల్లటి కడప రాయి ఈ నేలదేనని తెలిశాక ఓ పలక మీద చెయ్యి ఆనించి చూశాను. పొద్దున్నే చల్లగా ఉంది. చుట్టుపక్కలంతా సున్నపురాయి కావడంతో సిమెంటు ఫ్యాక్టరీలు కూడా ఇక్కడికే వచ్చాయి.

నేను వచ్చింది కూడా ఒక రాయి కోసమే. ఎర్రగుంట్ల మండలం కలమల్లలో, చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో, తెలుగులో తొలి శాసనంగా చెప్పుకునే స్తంభం ఉంది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు క్రీ.శ. 575లో వేయించింది. అంతకుముందు ఇక్కడి రాజులు శాసనాలు ప్రాకృతంలోనో, సంస్కృతంలోనో రాయించేవారు. మధ్యలో ఒకటీ అరా తెలుగు మాటలు దొర్లేవి. రేనాటి చోళులు ఊరి జనం మాట్లాడే భాషనే రాతికెక్కించారు. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. తెలుగు ఎంత పాతదో చెప్పాల్సిన ప్రతిచోటా ముందు వినిపించే పేర్లలో కలమల్ల ఒకటి.

నా సంచిలో లాప్‌టాప్ ఉంది. అందులో ఆ శాసనం మీద నేను తయారుచేసిన మొదటి గేమ్ ఉంది. సగమే అయింది. ఆ సగాన్నే కలమల్లలో, కలమల్లవాళ్లకు చూపించాలని బయల్దేరాను.

గేమ్ జామ్ గురించి వినని వాళ్లకు రెండు ముక్కలు. గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచి ఏటా జనవరిలో ప్రపంచమంతటా జరుగుతోంది. మొదట ఒక అంశం ప్రకటిస్తారు. దాని మీద ఆట తయారుచేసి, గడువులోగా సోర్సు ఫైళ్లతో సహా అందరికీ కనిపించేలా పెట్టెయ్యాలి. మామూలుగా 48 గంటలు. 2023లో వారం రోజుల వ్యవధి ఇచ్చారు. ఇది పోటీ కాదు, కొత్తవాళ్లు ఎవరైనా చేరొచ్చు. నేను చేరింది ఆ ఏడాదే, అంశం ‘రూట్స్’. వేళ్లు అనుకోండి, మూలాలు అనుకోండి. నాకు కలమల్ల తట్టింది. తెర మీద విరిగిన స్తంభం, అక్షరాలు పోయిన ఖాళీలు, కింద చెల్లాచెదురుగా అక్షరాలు. ఆడేవాళ్లు సరైన అక్షరాన్ని సరైన చోటికి లాగాలి. బొమ్మలు నా స్నేహితురాలు గీసింది. నేను వాడిన గేమ్ ఇంజన్‌కు అప్పటికి తెలుగు ఒత్తులు అతికించడం రాదు. ‘ముత్తురాజు’లో తావత్తు ఊడి పక్కన నిలబడేది. అందుకని ప్రతి అక్షరాన్నీ బొమ్మగా గీసి పెట్టుకున్నాం. గడువు ముగిసేసరికి మొదటి భాగం ఆడుతోంది. రెండో భాగంలో ఏం ఉండాలో ఎంతకీ తోచలేదు. ఖాళీ తెరతో అలాగే పెట్టేశాం. జామ్‌లో ఎవరూ దాన్ని తప్పుపట్టరు. సర్జన్ సిమ్యులేటర్ 2013 జామ్‌లో, కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ 2014 జామ్‌లో ఇలా కచ్చాగానే జనం చేతికి వచ్చి, తర్వాత పూర్తి ఆటలయ్యాయి.

ఎర్రగుంట్లలో టిఫిన్‌కు కారం దోశ చెప్పాను. దోశ మీద ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, మడిచి ఇచ్చారు. మా వైపు పెసరట్టులో అల్లం ముక్క తగిలితేనే కారం అంటాం. ఇక్కడ మొదటి ముద్దకే చెవులు వేడెక్కాయి, రెండో ముద్దకు చెయ్యి ఆగలేదు. మీరు వెళితే ‘కారం తక్కువ వెయ్యండి’ అని చెప్పకండి. ఉన్నదున్నట్టు తినండి.

ఆటో ఎక్కి “కలమల్లకు” అన్నాను. నల్లరేగడి చేల మధ్య కొంతదూరం పోయాక ఎదురుగా ఆకాశంలోకి పొగగొట్టాలు లేచాయి. ఆటో వెళ్లి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం దగ్గర ఆగింది.

“ఇది కాదు, శాసనం ఉన్న గుడి” అన్నాను.

“కలమల్ల అంటే అందరూ ఆర్‌టీపీపీకే వచ్చేదక్కా. నువ్వు రాయికి వచ్చినావా?” అని ఆటో అబ్బాయి నవ్వుతూ బండి తిప్పాడు.

తిప్పేలోపు నేను ఆ పొగగొట్టాలను తలెత్తి చూస్తూనే ఉన్నాను. మా కాకినాడలో ఆకాశంలో కనిపించేవి రేవులోని క్రేన్లు. 1994లో మొదటి యూనిట్ మొదలైన ఈ కేంద్రం సామర్థ్యం ఇప్పుడు 1650 మెగావాట్లు. నా ఆట ఆడే లాప్‌టాప్‌కు ఎక్కిన కరెంటులో ఇక్కడిదీ కొంత ఉండొచ్చు. తెలుగు రాత మొదలైన ఊరూ, ఆ రాతను తెర మీద వెలిగించే కరెంటు పుట్టే చోటూ ఒకటే కావడం నాకు భలే నచ్చింది.

ఊళ్లోకి వెళ్లాక మళ్లీ దారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఒకరు చెన్నకేశవుడి గుడి అన్నారు, ఇంకొకరు సిద్ధేశ్వరుడి గుడి అన్నారు. ఇద్దరు దేవుళ్లూ ఒకేచోట ఉన్నారని అటూ ఇటూ తిరిగాక తెలిసింది. మా ఊళ్లో అయితే “ఇలా తిన్నగా వెళ్లండి” అని చెప్పి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు. ఇక్కడ అడిగిన ప్రతి మనిషీ నాతో నాలుగడుగులు నడిచి, తర్వాతి మనిషికి అప్పగించి వెళ్లారు.

స్తంభం ముందు నిలబడేసరికి మిట్టమధ్యాహ్నం. విరిగిన రాయి. దాని మీద అక్షరాల కోసం వెతికితే గీతలూ గుంటలూ తప్ప ఏమీ ఆనలేదు. గుడి అరుగు మీద కూర్చున్న పెద్దాయన నా అవస్థ చూశాడు.

“ఇప్పుడేం కనపడవమ్మా, ఎండ నడినెత్తిన ఉండాది. పొద్దు వాలనీ, అప్పుడు చూడు. యాడ్నుంచి వచ్చినావు?”

“కాకినాడండి.”

“అంత దూరం నుంచా! తిన్యావా?”

తినలేదని తెలిశాక ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన భార్య ముద్దగా కట్టిన రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, పప్పు వడ్డించింది. గోదావరి అన్నం తిన్న అలవాటుకొద్దీ నేను నములుతుంటే ఆమె ఆపింది. “సంగటి నమిలేది కాదు నాయనా, ఊరిబిండిలో అద్దుకొని మింగాల.” అలా తింటే దాని సంగతే వేరు. కడుపులో చల్లగా దిగుతుంది, ఊరిబిండి ఘాటు మాత్రం నాలుక మీద నిలుస్తుంది. “ఇంగొంచెం ఏసుకోమ్మా” అని ఇంకో ముద్ద పెట్టింది. వద్దనలేదు.

సాయంత్రం గుడికి వచ్చేసరికి బడి వదిలిన పిల్లలు చేరారు. పొద్దు పక్కకు వాలింది. పొద్దున ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు: అదే రాయి మీద అక్షరాలు లేచాయి. వెలుగు ఏటవాలుగా పడితే గీత లోతులో నీడ నిలిచి, అక్షరం తేలుతుంది. శాసనాలు చదివేవాళ్లు వాడే ఉపాయమే ఇది. పెద్దాయనకు అది చిన్నప్పటినుంచీ తెలుసు. ఎండ చాలనిచోట ఓ పిల్లవాడు ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూపించాడు.

అరుగు మీద లాప్‌టాప్ తెరిచాను. “ఇది పూర్తి కాలేదు, సగమే ఉంది” అని చెబుతుంటే ఎవరూ వినలేదు. అప్పటికే ఆడుతున్నారు. టార్చి వేసిన పిల్లవాడు కాసేపు ఆడి అడిగాడు: “దీంట్లో టార్చి ల్యాదా అక్కా? రాయి మింద ఉన్నట్టు అక్షరాలు ముందే కనపడితే ఇంగ ఆటేముంది?”

నేను నోట్‌బుక్ తీశాను.

ఒక అమ్మాయి ఇంకోటి అడిగింది: “రాజు పేరుంది గదా, చెక్కినాయన యాడ?” చెక్కినాయన సంగతి నాకు తెలియదన్నాను. రాజు పేరులోని మొదటి అక్షరాలు కూడా రాతి మీద మిగల్లేదని, ‘ఎరి’ అన్నది పండితులు పూరించుకున్నదని చెప్పాను. నీలకంఠశాస్త్రి, వెంకటరామయ్య గార్లు ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటిలో ఈ రేనాటి శాసనాలను పరిష్కరించారు. అలాంటి పరిష్కరణల్లో స్పష్టంగా కనిపించని అక్షరాన్ని బ్రాకెట్లో పెడతారు. ఏది రాతి మీద ఉంది, ఏది మన ఊహ అన్నది చదివేవాళ్లకు తెలియాలి కదా. పిల్లలకు ఆ బ్రాకెట్ల సంగతి బాగా నచ్చింది.

తర్వాత ఖాళీ తెర వచ్చింది. నా రెండో భాగం. శాసనంలోనూ నడుమ పంక్తులు పోయాయి. చివర, ధర్మం తప్పినవాళ్లకు పంచమహాపాతకాలు తగులుతాయన్న శాపం మాత్రం మిగిలింది.

“ఈడ ఏముండె?” అన్నాడు ఒకడు.

“ఎవరికీ తెలియదు. నువ్వైతే ఏం రాయిస్తావు?”

చెరువు తవ్విస్తానని ఒకరు, ఊరికి పొలం ఇస్తానని ఇంకొకరు, బడికి ఆటస్థలం ఇస్తానని మరొకరు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మాట తప్పితే ఏమవుతుందని అడిగితే ముక్తకంఠంతో “పంచమహాపాతకం!” అని అరిచారు. పెద్దాయన కూడా నవ్వాడు. నేను ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించినా దొరకని రెండో భాగం ఆ అరుగు మీద దొరికింది. పోయిన పంక్తుల్లో ఏముందో ఆట చెప్పదు. ఆడేవాళ్లు తమ దానశాసనం తామే రాసుకుంటారు, అది బ్రాకెట్లో కనిపిస్తుంది. రాయి మాట రాయిదే, మన మాట మనదే.

మీరూ వెళ్లండి. సాయంత్రం ఎండ వాలేలా చూసుకోండి, చేతిలో టార్చి ఉంచుకోండి. అక్షరాలు కనపడాలని రాయి మీద సుద్ద రుద్దడం, నీళ్లు పొయ్యడం వద్దు. ఆటో ఎక్కేటప్పుడు ‘గుడి’ అని గట్టిగా చెప్పండి. ఇంకో రోజు వీలైతే జమ్మలమడుగు మీదుగా గండికోట, మరో వైపు ప్రొద్దుటూరు బంగారం వీధులు ఉన్నాయి.

నేను వాడే ఇంజన్ కొత్త వెర్షన్ జామ్ జరిగిన ఏడాది మార్చిలోనే వచ్చింది. ఇప్పుడు ఒత్తులు వాటి చోట అవి కూర్చుంటున్నాయి. నా ఆటలో ఇప్పుడు మొదట చీకటి ఉంటుంది. వెలుగును పక్కకు జరిపితేనే అక్షరాలు లేస్తాయి. చెక్కేవాడు కూడా వచ్చాడు, ఉలి చప్పుడుతో. పూర్తయ్యాకే చూపిద్దామని దాచుకుని ఉంటే వీటిలో ఒక్కటీ నాకు తట్టేది కాదు. మొదటి పని చేతిలో పట్టుకుని ‘ఇంకా కాలేదు’ అని ఆగిపోయినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఎంత అయితే అంతే తీసుకెళ్లి ఎవరికి సంబంధించిందో వాళ్ల ముందు పెట్టండి. మిగతా సగంలో ఏముండాలో వాళ్లు చెబుతారు.